అరటిగెల తేనివాళ్ళ కోసం ఢిల్లీ దాకా

మా వరండా దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. ఏడాదిలో సగం రోజులు దానికి అరటిగెల వేలాడుతూనే ఉంటుంది. మా తోటలోది కాదు, మాకు తోటే లేదు. మా ఆయన ఆదివారం పొద్దున్నే మూర్ఛ రోగులకు ఆకుమందు ఇస్తారు. మందుకు డబ్బు పుచ్చుకోకూడదని మా మామగారి తాతగారి నాటి కట్టడి. తగ్గినవాళ్ళు ఒక గెల తెచ్చి ఆ కొక్కేనికి కట్టి వెళ్ళడం ఆనవాయితీ. బాపట్ల చుట్టుపక్కల మమ్మల్ని గెలలవాళ్ళు అనే పిలుస్తారు. అసలు ఇంటిపేరు పోస్టుమాన్‌కి కూడా గుర్తుండదు.

ఈ మందుకు ఇంకో రెండు నియమాలున్నాయి. ఆకు పేరు నోటితో పలకకూడదు, పలికితే గుణం పోతుందట. మందు మొదలుపెట్టాక ఇంగ్లీషు మాత్ర ముట్టకూడదు. ఆకు పేరు నేను ఇక్కడ అప్పుడే రాయను. ఇది అచ్చయితే ముందుగా చదివేది ఆయనే.

మా ఒక్కగానొక్క కూతురు హారిక చిన్నప్పుడు ఆ కొక్కెం కింద నిలబడి పండు తింటూ వాళ్ళ నాన్నను ఒక మాట అడిగింది.

"గెల తేనివాళ్ళు ఏమయ్యారు నాన్నా?"

"తగ్గే ఉంటుందిలే. బస్సు దొరక్క రాలేదేమో" అన్నారాయన.

పిల్ల ఆ జవాబుతో ఊరుకోలేదు. ఢిల్లీలో ధౌలా కువా దగ్గర కాలేజీలో డిగ్రీ చదివింది. ఆ తరువాత ఢిల్లీలోనే ఒక పెద్ద సంస్థలో పీహెచ్‌డీలో చేరింది. మూర్ఛకూ పక్షవాతానికీ మనవాళ్ళు వాడే మూలికలు నిజంగా పనిచేస్తాయా లేదా అన్నది వాళ్ళ ల్యాబులో పని. హారిక వాటా కింద వచ్చింది మూర్ఛ. పరీక్షకు పెట్టింది మా ఇంటి ఆకునే. మొన్న చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో దాని చివరి పరీక్ష, పెద్దల ముందు నిలబడి జవాబులు చెప్పేది, ఉందని తెలిసి మేమిద్దరం బయలుదేరాం.

రైల్లో తడిగుడ్డ

అందరూ ఢిల్లీకి గోంగూర పచ్చడి, సున్నుండలు పట్టుకెళతారు. మేం వాటితో పాటు ఆకు కూడా పట్టుకెళ్ళాం. వేళ్ళూ మట్టీ ఊడకుండా తడిగుడ్డలో చుట్టి, పూలసజ్జలో పెట్టి, ఆయన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కూర్చున్నారు. గంటకోసారి సీసాలో నీళ్ళు చిలకరించడం, ఆకును పలకరించడం. నాగపూర్ దాటాక ఆ నీళ్ళు కారి కింద విప్పి పెట్టిన ఒక పెద్దమనిషి బూట్లలోకి చేరాయి. ఆయన బూటు తలకిందులు చేస్తే టీ కప్పుడు నీళ్ళు పడ్డాయి.

ఆ పెద్దమనిషిది గ్వాలియర్. కోపమొచ్చి లేవబోయినవాడు, వాళ్ళావిడ చెయ్యి పట్టుకు లాగితే కూర్చున్నాడు. ఆవిడ మాకు పూరీలు, ఆవకాయలో చక్కెర కలిపినట్టుండే ఒక తియ్యటి మామిడి పచ్చడి పెట్టింది. నేను మా పచ్చడి ఇచ్చాను. ఆవిడ ఒక్క వేలు నాకి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే ఇంకొంచెం అడిగింది. నాకు ఆవిడ నచ్చింది.

"బిటియా క్యా కర్‌తీ హై?" అమ్మాయి ఏం చేస్తుంటుందని అడిగింది.

మూడో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన దాన్ని, నాకు హిందీ పెద్దగా రాదు. "డాక్టర్ బన్ రహీ హై" అన్నాను గొప్పగా, డాక్టరవుతోందని. అంతే, పెద్దమనిషి తడిసిన బూటు పక్కన పెట్టి మోకాలు చూపించాడు. గ్వాలియర్ వచ్చేదాకా ఆ మోకాలి చరిత్ర విన్నాం. మా అమ్మాయి అలాంటి డాక్టరు కాదు, ఎలుకల దగ్గర పనిచేస్తుందని చెప్పడానికి నాకు హిందీ చాలలేదు. నిజం చెప్పాలంటే మనసు కూడా రాలేదు.

వైశాలి, మూడో అంతస్తు

హారిక ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో ఒక చిన్న ఫ్లాటులో అద్దెకుంటుంది. మెట్రో దిగితే ఈ-రిక్షా, మనిషికి పది రూపాయలు. మోకాళ్ళు మోకాళ్ళు తగులుతూ కూర్చోవాలి. మా ఊళ్ళో ఎదురింటివాళ్ళతో మాట కలపడానికి ఒక పండగ కావాలి. ఇక్కడ ఈ-రిక్షా ఎక్కితే చాలు, దిగేలోపు ఎవరి అల్లుడికి ఎక్కడ బదిలీ అయిందో తెలిసిపోతుంది.

కింది అంతస్తులో పద్మగారని కరీంనగర్ ఆవిడ ఉన్నారు. వాళ్ళాయన కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. ఢిల్లీ వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ మాట గోదావరి దాటి రాలేదు. మేం వచ్చామని తెలియగానే సకినాలు పట్టుకుని పైకొచ్చారు. వెనకాలే వాళ్ళమ్మాయి స్నేహ. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చలాకీ మొహం, కళ్ళ కింద నల్లటి నీడలు.

"అన్నా, మీ మందు సంగతి హారిక చెప్పంగ విన్న. మా పిల్లకు ఫిట్స్. గోలీలు ఏసుకుంటే ఆగుతయ్ గని, ఎప్పుడు సూడు మత్తులనే ఉంటది. పొద్దుగాల చెప్పింది పొద్దుమీకి యాదికుండది. మీరు మందిస్తే గా గోలీలు బంద్ చేపిస్త" అన్నారు పద్మగారు.

స్నేహకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. మీటింగులో తన టీమువాళ్ళ పేర్లు కూడా మరిచిపోతోందట, మాత్రలు మానేస్తే చాలట. "అంకుల్, మీటింగ్ మేఁ టీమ్ వాలోఁ కే నామ్ తక్ భూల్ జాతీ హూఁ. బస్, టాబ్లెట్స్ ఛోడ్‌నీ హైఁ."

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఢిల్లీలో కూడా మన మందు అడిగేవాళ్ళున్నారు! సజ్జలో ఆకు వాడిపోకుండా ఉంది, ఆదివారం నాలుగు రోజుల్లోనే ఉంది. "పరగడుపున రండమ్మా. ఆ రోజు నుంచి మాత్ర ముట్టనక్కర్లేదు" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక హారిక తలుపు వేసి వచ్చి నాన్న ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఆదివారం సంగతి తరువాత. శుక్రవారం నేను హాల్లో చెప్పేది విను. విన్నాక నీ ఇష్టం."

"ఏం తేలిందో ఇప్పుడే చెప్పరాదూ? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"ఇక్కడ చెబితే నువ్వు నాతో పోట్లాడతావు. నేను మళ్ళీ నీ కూతురినైపోతాను. అందరితో పాటు విను."

అది నవ్వుతూ చెప్పలేదు. ఒకవైపు ఆయన నమ్మకం, ఇంకోవైపు కింది అంతస్తులో మాత్రలు మానేద్దామని ఎదురుచూస్తున్న ఆడపిల్ల. మధ్యలో శుక్రవారం. సకినాలు బాగున్నాయి కానీ ఆ పూట నాకు సయించలేదు.

నంబర్లున్న గూళ్ళు

మర్నాడు మమ్మల్ని ల్యాబుకు తీసుకెళ్ళింది. ఎలుకలున్న గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు, అద్దం ఇవతల నుంచే చూడాలి. లోపల గూళ్ళు, గూటికో నంబరు. ఒక ఎలుకను ముట్టాలన్నా ముందు కమిటీ ఒప్పుకోవాలట. మా ఊరి ఆసుపత్రిలో మనుషులకు కూడా అంత శుభ్రమైన గదులు లేవు. ఆ మాట పైకే అన్నాను.

మా ఆయన అద్దానికి ముక్కు ఆనించి, "మన మందు తాగినవి ఏవి?" అని అడిగారు.

"తెలియదు నాన్నా. ఇవి కొత్త విడతవి."

"తెలియదా? నీ ఎలుకలు కాదూ?"

హారిక తన స్నేహితురాలిని చూపించింది. మన్‌ప్రీత్ అని జలంధర్ అమ్మాయి, అరచేయంత నవ్వు. "మందు పోసేది ఇది, చూసేది నేను. దేనికి ఏం పోసిందో ఇది నాకు చెప్పదు. కొన్నింటికి ఉత్త నీళ్ళు, కొన్నింటికి ఆకు, కొన్నింటికి మామూలు మాత్ర, కొన్నింటికి రెండూ. అంతా చూసి రాసేశాకే దాని చీటీ విప్పుతాం."

"కళ్ళకు గంతలు కట్టుకుని వైద్యమా?" అని ఆయన పకపకా నవ్వారు. "మనిషిని మనిషి నమ్మకపోతే ఎలాగమ్మా?"

"ఇది నన్ను నమ్మకపోవడం కాదు అంకుల్‌జీ. తనను తను నమ్మదు" అంది మన్‌ప్రీత్ హిందీలో. హారిక తెలుగు చేసి చెప్పింది. ఆయన నవ్వు కాస్త తగ్గించారు.

పక్క గదిలో పక్షవాతం మీద పని జరుగుతోంది. ఎలుక మెదడుకు నెత్తురు పోయే దారిని కాసేపు మూసి, తరువాత మూలికలిచ్చి చూస్తారట. ఒక సన్నటి చెక్కబద్ద మీద ఒక ఎలుక నడుస్తోంది. ఎడమ కాలు జారిపోతోంది. ఆగుతుంది, బద్దను పట్టుకుంటుంది, మళ్ళీ అడుగు వేస్తుంది. మా అత్తగారు ఆఖరి రోజుల్లో గోడ పట్టుకుని ఇలాగే నడిచేవారు. "రా తల్లీ, ఇంకొంచెం" అని నేను అద్దం ఇవతల నుంచి బతిమాలుతున్నాను. అది చివరిదాకా వెళ్ళి బద్ద అంచున కూర్చుంది. నేను చప్పట్లు కొట్టాను. లోపలున్న కుర్రవాడు ఉలిక్కిపడి ఇటు చూశాడు, హారిక నన్ను పక్కకు లాగేసింది.

బయటికొచ్చి ఛోలే కుల్చే, అంటే సెనగల కూరతో మెత్తటి రొట్టెలు, తిన్నాం, ప్లేటు యాభై రూపాయలు. బండివాడు పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క ఎంత అడిగితే అంత వేస్తాడు. ఆయన మూడుసార్లు అడిగారు.

హాల్లో

శుక్రవారం హారిక నా నెమలికంఠం రంగు చీర కట్టుకుంది. మేం చివరి వరసలో కూర్చున్నాం. ఇంగ్లీషు వింటే నాకు అర్థమవుతుంది, మాట్లాడమంటేనే నోరు పెగలదు.

మొదట ఆకు పేరు చెప్పింది, లాటిన్‌లో. నేను భయంగా ఆయన వైపు చూశాను. "ఆ భాషలో చెబితే దోషం లేదులే" అన్నారు గుసగుసగా. ఆకు బొమ్మ తెర మీద గుమ్మమంత కనబడగానే వెనక్కి వాలి మీసం సవరించుకున్నారు.

ఆ తరువాత అది అసలు మాట చెప్పింది. ఆకు ఒక్కటే తాగిన ఎలుకలకు మూర్ఛ ఆగలేదు. ఉత్త నీళ్ళు తాగిన వాటికీ వీటికీ తేడా లేదు. మాత్ర ఆపింది. మాత్రతో పాటు ఆకు కూడా తాగినవి మాత్రం తిండి ఉన్న చోటుకు వెళ్ళే దారిని, ఒక్క మాత్రే తాగిన వాటికంటే బాగా గుర్తుపెట్టుకున్నాయి. "ఇది ఎలుకల్లో కనబడింది. మనుషుల్లో ఇలాగే జరుగుతుందని నేను అనడం లేదు. అనాలంటే ఇంకా చాలా పని ఉంది" అంది.

మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, అద్దాలు తీసి అడిగాడు. "ఇది మీ కుటుంబం ఇచ్చే మందు అంటున్నావు. ఇలా తేలినప్పుడు రాయడానికి చెయ్యి ఎలా వచ్చింది?"

"మా ఇంట్లో ఒక కొక్కెం ఉంది సర్. తగ్గినవాళ్ళు అరటిగెల తెచ్చి కడతారు. మేం గెలలు చూసుకుని సంతోషించేవాళ్ళం. తగ్గనివాళ్ళు మళ్ళీ రారు కదా, వాళ్ళు ఏమయ్యారో మాకు తెలియదు. వాళ్ళ సంగతి తెలుసుకుందామనే ఇంత దూరం వచ్చాను."

"మీ నాన్నగారికి ఇది తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది సర్. చివరి వరసలో ఉన్నారు."

హాలంతా వెనక్కి తిరిగింది. ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. పరీక్షకుడు కూడా లేచి నిలబడి తిరిగి నమస్కారం పెట్టాడు. పిల్లను కన్నప్పుడు సంతోషించాను, ఉద్యోగస్తురాలైతే సంతోషిస్తాను, కానీ ఆ క్షణంలో గర్వపడ్డంతగా ఇంకెప్పుడూ పడలేదు. నా కూతురు తండ్రి ముందు, పదిమంది ముందు, నిజం చెప్పింది. చెప్పేటప్పుడు తండ్రిని ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, పక్కనున్న ముక్కూమొహం తెలియని అమ్మాయి చున్నీతో ముక్కు తుడుచుకున్నాను. ఆ పిల్ల "కోయీ బాత్ నహీఁ ఆంటీ" అంది, పరవాలేదని.

పట్టా ఖాయమైంది. లడ్డూలు పంచారు. ఆయన ఒకటి తీసుకుని జేబు రుమాల్లో చుట్టి పెట్టుకున్నారు. వైశాలి వచ్చేదాకా మెట్రోలో ఒక్క మాట లేదు. హారిక పక్కనే నిలబడి ఆయన సంచీ పట్టుకుంది, ఆయన ఇచ్చారు. అంతవరకే.

ఖారీ బావోలీ

శనివారం పాతఢిల్లీ చూద్దామని నేనే బయలుదేరదీశాను. ఇంట్లో ఆ మౌనం భరించలేకపోయాను. అక్కడి ఖారీ బావోలీ బజారులో మిరపకాయల ఘాటుకు ఊరంతా తుమ్ముతూ ఉంటుంది. గుంటూరు మిర్చియార్డు చూసిన ముక్కు నాది, అయినా ఓడిపోయింది. ఒక వీధి నిండా మూలికలే. అశ్వగంధ, వస, కరక్కాయ గోతాల్లో పోసి, రేట్లు అట్టముక్కల మీద రాసి గుచ్చారు. మా ఇంట్లో నోటితో పలకని ఆకు అక్కడ ఎండి ఒక గోతాం నిండా ఉంది. దాని హిందీ పేరు కొట్టువాడు కూరగాయలమ్మినట్టు అరుస్తున్నాడు.

మా ఆయన ఆగిపోయారు. చిటికెడు తీసి వాసన చూశారు. అదే.

"మిర్గీ కే లియే ఏక్ నంబర్ చీజ్ హై అంకుల్‌జీ" అన్నాడు కొట్టువాడు. "అంగ్రేజీ గోలీ ఫేంక్ దో. పూరీ గ్యారంటీ." మూర్ఛకు దీన్ని మించింది లేదు, ఇంగ్లీషు మాత్రలు పారెయ్యండి అని.

మా ఆయన హైస్కూలు రోజుల్లో హిందీ పరీక్షలు పాసయ్యారు. ఆ పుస్తకాల హిందీని దుమ్ము దులిపి బయటికి తీశారు. "శ్రీమాన్, జో స్వస్థ్ నహీఁ హుఏ, క్యా వే లౌట్‌కర్ ఆతే హైఁ?" నయం కానివాళ్ళు తిరిగి వచ్చి చెబుతారా అని.

కొట్టువాడు నవ్వాడు. ఆ హిందీకో, ఆ ప్రశ్నకో తెలియదు. "ఆజ్ తక్ తో కోయీ నహీఁ ఆయా!" ఇంతవరకూ ఒక్కడూ రాలేదు, అంత మంచి సరుకు అని.

ఆయన చేతిలో ఆకుపొడి మళ్ళీ గోతాంలో వేసి, చేతులు దులుపుకుని, పక్క కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయారు. బరువులు మోసేవాళ్ళు "సైడ్, సైడ్" అని అరుస్తూ పోతున్నారు. నేను మట్టికప్పులో టీ తెచ్చి ఇచ్చాను.

"వీడు అచ్చం నాలాగే మాట్లాడాడే" అన్నారు.

"మీరు డబ్బు పుచ్చుకోరుగా" అన్నాను.

"అదొక్కటే తేడా" అని టీ తాగేశారు. ఆ తరువాత రుమాలు విప్పి లడ్డూలో సగం నాకు పెట్టారు. ముందురోజు తినలేనిది అప్పుడు తిన్నారు.

ఆదివారం

పద్మగారూ స్నేహా పొద్దున్నే తలంట్లు పోసుకుని, పరగడుపున వచ్చారు. హారిక వంటగది గుమ్మంలో నిలబడింది. నేను పొయ్యి మీద పాలు చూస్తున్నట్టు నటిస్తూ ఇటే చెవి పెట్టాను.

ఆయన స్నేహను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "పొద్దున మాత్ర వేసుకున్నావా తల్లీ?"

"నహీఁ అంకుల్. ఆప్‌నే బోలా థా నా." మీరే మానమన్నారుగా అని.

"నేను చెప్పింది తప్పు. ముందు వెళ్ళి వేసుకురా. మత్తుగా ఉందని, మరిచిపోతున్నానని మీ డాక్టరుకు గట్టిగా చెప్పు. మందు మారుస్తారో, మోతాదు తగ్గిస్తారో ఆయన చూసుకుంటారు. నీ అంతట నువ్వు ఒక్క పూట కూడా మానొద్దు."

పద్మగారి మొహం వాడిపోయింది. "మరి మీ మందు ఇయ్యరా అన్నా? గంత దూరం కెల్లి తెచ్చిన్రు కద."

"మా మందు ఇంకా చదువుకుంటోందమ్మా. పాసైతే తప్పకుండా ఇస్తా. ఇదిగో, దీనికి చదువు చెప్పేది మా అమ్మాయే" అన్నారు గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ.

స్నేహ నవ్వేసింది. కిందికెళ్ళి మాత్ర వేసుకుని వచ్చి, బాల్కనీలో సజ్జ దగ్గర కూర్చుని ఆకును వేలితో తాకి చూసింది. పద్మగారు అడగనే అడిగారు. "గిదేం ఆకు అన్నా?"

నేను పాలు నిజంగానే పొంగించాను.

"సరస్వతి ఆకు" అన్నారాయన, తెలుగులో, పక్క ఫ్లాటువాళ్ళకు వినబడేంత గట్టిగా. "మా వైపు కాలవగట్ల మీద మొలుస్తుంది. దాచుకోవడానికి ఏమీ లేదు."

వాళ్ళు వెళ్ళాక చెప్పులేసుకుని ఎక్కడికో బయలుదేరారు. చాలాసేపటికి తిరిగొచ్చారు, చెమటతో, చేతిలో డజను అరటిపళ్ళతో. వైశాలి అంతా తిరిగినా గెల దొరకలేదట. ఇక్కడ డజన్ల లెక్కనే అమ్ముతారు, డెబ్బై రూపాయలు. గెల మొత్తం కావాలంటే పెళ్ళి చేస్తున్నారా అని అడిగారట. "మన దగ్గరైతే ఈ పళ్ళు గేదెలకు వేస్తారు" అని గొణుగుతూనే, బట్టలారేసే తాడుకు ఆ అత్తాన్ని సుతిలితో గట్టిగా కట్టారు. రెండు పళ్ళు రాలి కింద పడ్డాయి.

హారిక బాల్కనీలోకి వచ్చి తాడు వైపు చూసింది. "ఎవరికి తగ్గింది నాన్నా?"

"ఎవరికీ తగ్గలేదమ్మా. తగ్గకపోయినా వచ్చి చెప్పచ్చని కట్టాను."

అది ఒక పండు తుంచి, తొక్క ఒలిచి, ముందు ఆయన చేతిలో పెట్టింది.